చెవిలో దూది, జాడీ అడుగున ముద్ర

పోయిన వారం ఖంగమ్మను పక్కింటి అద్దకం ఆవిడ పెరట్లో, బోర్లించిన జాడీ ముందు నిలబెట్టి వచ్చేశాం. వారం రోజులూ పాపం ఆ జాడీ అడుగున ఉన్న ముద్రనే చూస్తూ నిలబడింది. ఒక అడ్డగీత, పక్కన చుక్క, చెరగని నీలం రంగు. అది ఖంగమ్మ ముద్రే. వేలితో తట్టి చూస్తే జాడీ బొంగురుగా పలికింది. అంటే ఎక్కడో కంటికి కనబడని పగులు ఉన్నట్టు. "పోయిన వారమే తెచ్చుకున్నాను, కార్ఖానా గేటు దగ్గర" అంది అద్దకం ఆవిడ. పోయిన వారం ఖంగమ్మ మంచం మీద ఉంది. మరి మంచం మీద ఉన్న మనిషి ముద్ర పగిలిన జాడీ మీదికి నడిచి ఎలా వెళ్లింది?

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పాలి. జాడీల కార్ఖానాలో బట్టీ నుంచి దిగిన ప్రతి జాడీనీ కొయ్య సుత్తితో తట్టి, చెవితో విని, మంచిదో చెడ్డదో తేల్చి, మంచిదైతే అడుగున ముద్ర వేసే బల్ల ఒకటుంది. పాతికేళ్లుగా ఆ బల్ల ఆవిడది. మంచి జాడీ ఖంగుమంటుంది కాబట్టి ఆవిడ ఖంగమ్మ అయింది. కన్నవాళ్లు పెట్టిన పేరు ఏ బట్టీలో కాలిపోయిందో ఎవరికీ గుర్తు లేదు. కొన్నిటిని గేటు దగ్గర చిల్లరగా అమ్మినా, ఆ జాడీలు ఎక్కువగా వెళ్లేది యాసిడ్ ఫ్యాక్టరీకి. పగిలిన జాడీ ఒక్కటి తప్పించుకుపోయిందంటే అక్కడ ఎవరి చేతులో, ఎవరి కళ్లో పోతాయి. అందుకే తట్టే మనిషి ముద్రకు అంత విలువ.

ఆ ఖంగమ్మ కుడి చెవి పొరకు చిల్లి పడితే, చెవి వెనక నుంచే చిన్న ముక్క తీసి అతుకు వేశారు. ఇవాళ్టికి ఇరవై నాలుగు రోజులు.

ఇంట్లోకి వచ్చిన ఖంగమ్మ ముందు చేసిన పని, బట్టల అడుగున రేకు డబ్బా తియ్యడం. తల వంచకూడదు కదా, డాక్టరమ్మ ఆన. అందుకని నేల మీద నిటారుగా చతికిలబడి, మెడ కర్రలా పెట్టుకుని, చేతులతో వెతికింది. చూసేవాళ్లుంటే చీకట్లో చెప్పులు వెతుక్కుంటున్నట్టు ఉందనుకుందురు. డబ్బా దొరికింది. మూత తీసింది. ముద్రను చుట్టిపెట్టే పాత రుమాలు ఉంది. రుమాలులో ముద్ర లేదు.

ఆవిడ రుమాలును రెండుసార్లు దులిపింది. లేని వస్తువు దులిపితే రాలుతుందా? అయినా దులుపుతాం. మనిషి పుట్టుకే అంత.

అక్కడే కూర్చుని ఈ ఇరవై నాలుగు రోజులనూ ఒక్కొక్కటిగా వెనక్కి తిప్పింది. మొదటి వారం దేని మీదా అనుమానం రాలేదు. అసలు తల తిప్పితే గది కూడా తిరిగేది, అనుమానపడటానికి తీరికేదీ? చెవిలో మందు దూది కుక్కి ఉంది. లోపల ఎవరో సోడా సీసా మూత తీసినట్టు టప్, బుస్. తన మాట తనకే బిందెలోంచి మాట్లాడినట్టు వినబడేది. ముక్కు చీదకు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్ము, బరువెత్తకు, ఆ పక్కకు పడుకోకు, తలకు నీళ్లు తగలనివ్వకు. నోరూ ముక్కూ చెవీ అన్నీ ఆవిడవే, పెత్తనం మాత్రం డాక్టరమ్మది.

రెండో వారం టీ రుచి మారింది. నాలుక మీద ఓ పక్క రేకు నాకినట్టు ఉండేది. "కెటిల్ మార్చారా? టీలో ఏం కలిపారు?" అని ఇల్లంతా సోదా చేసింది. మొగుడు, అంటే బట్టీ మేస్త్రి, కొత్త కెటిల్ కొనుక్కొచ్చాడు. అందులోనూ రేకే. చివరికి డాక్టరమ్మ నవ్వి, నాలుకకు రుచి మోసే నరం చెవిలోంచే పోతుందనీ, కొన్ని వారాల్లో సర్దుకుంటుందనీ చెప్పింది. కెటిల్ బతికిపోయింది. కానీ నాలుకకెక్కిన అనుమానం మాత్రం అక్కణ్నుంచి మనసుకు జారింది.

ఎందుకంటే మూడో వారంలో గుసగుసలు మొదలయ్యాయి. గుసగుసలాడేది ఎవరు? ఆడపడుచు. ఆవిణ్ని కార్ఖానాలో అందరూ మైకు అంటారు. పదకొండేళ్లు మట్టి రుబ్బే మిల్లులో, పెద్ద పీపాలో గుండ్రాళ్లు దొర్లే హోరులో పనిచేసిన మనిషి. ఆమె గుసగుస మూడిళ్ల అవతల మేలుకొలుపు. వంటింట్లో నిలబడి అన్నతో రహస్యం చెప్పింది: "వదినకి తెలిస్తే కొంప మునుగుతుంది అన్నయ్యా! ఇంకో వారం ఎలాగైనా ఇంట్లోనే ఉంచు!" ఎడమ చెవి నిక్షేపంగా ఉన్న ఖంగమ్మ పక్కగదిలో దిండుకు ఆనుకుని అంతా విన్నది.

ఇప్పుడు ఖంగమ్మ ఖాళీ చేసి వచ్చిన బల్ల మీద కూర్చున్నది కూడా ఆ మైకే. "నీ చెవి బాగయ్యేదాకా నీ బల్ల నా తలమీద పెట్టుకుంటాను వదినా" అని ఆపరేషన్ రోజు కళ్లనీళ్లు పెట్టుకుంది. తలమీద పెట్టుకున్నది మళ్లీ దింపడం మరిచిపోయే మనుషులు లోకంలో కొల్లలు.

సరే, అనుమానాల లెక్కలో బల్ల ఒకటి. ముద్ర రెండు. మూడోది ఇవాళ పొద్దున జరిగింది. ఇవాళ డాక్టరమ్మ చెవిలోకి చూసి, ఎప్పటి నుంచి పనిలోకి వెళ్లొచ్చో చెబుతానన్న రోజు. మేస్త్రి బూట్లు తొడుక్కుంటూ గోడకేసి చూసి అన్నాడు:

"డాక్టరమ్మ ఊళ్లో లేదంట. వచ్చే వారం రమ్మన్నారు."

"ఎవరన్నారు?"

"వాళ్లే. ఇదిగో, ఇవాళ నేను భోజనానికి రాను. లోడుతో పాటు యాసిడ్ ఫ్యాక్టరీకి పోతున్నాను. అక్కడ నా ఎదురుగానే జాడీలు నింపుతారు, దగ్గరుండి చూసి రావాలి. రాత్రి అవుతుంది. ఫోను నీ దగ్గరే ఉంచుకో."

ఇంటికంతటికీ ఉన్నది ఆ ఒక్క ఫోనే. ఆపరేషన్ అయినప్పటి నుంచి దాన్ని భార్య తలగడ పక్కనే పెట్టి వెళ్తున్నాడు. మంచివాడే. మంచివాళ్లు అబద్ధమాడితే గోడకేసి చూస్తారు, అదే చిక్కు.

ఖంగమ్మ నేలమీద నుంచి లేచి, ఆ ఫోనే తీసి ఆస్పత్రికి చేసింది. ఎడమ చెవికి ఆనించుకుంది.

"డాక్టరమ్మ లేకపోవడమేంటమ్మా? ఇదిగో, పక్క గదిలోనే పేషెంట్లను చూస్తున్నారు" అంది నర్సు. "మీ ఇంటివాళ్లే నిన్న వచ్చి, వారం జరపమన్నారు. మీకు జలుబు చేసిందన్నారు?"

"చేసింది. పోయింది" అంది ఖంగమ్మ. "నువ్వొకటి చెప్పు తల్లీ. నేను పనిలోకి ఎప్పుడు వెళ్లొచ్చు?"

"ఏం పని మీది?"

"కూర్చుని చేసే పనే. జాడీలు తట్టి వింటాను."

"కూర్చుని చేసే పనైతే మామూలుగా ఈపాటికి వెళ్లిపోతుంటారు. బరువులెత్తే పని, పెద్ద గోల ఉన్నచోట పని అయితే ఆరు వారాలు ఆగమంటారు. కానీ మీది వినే పని కదా! లోపలి మందు ఇంకా పూర్తిగా కరిగి ఉండదు. చెవిలోకి చూడకుండా మాత్రం డాక్టరమ్మ కూడా చెప్పరు. వచ్చేయండి, సాయంత్రం దాకా ఉంటారు."

ఫోను పెట్టేసి ఖంగమ్మ గడియారం చూసింది. రెండున్నర. మూడింటికి మైకు షిఫ్టు దిగుతుంది. ఆస్పత్రి ఎక్కడికీ పోదు. ముందు ఇంటి జబ్బు చూడాలి.

అద్దకం ఆవిణ్ని పిలిచి ఆ జాడీని మోయించుకొచ్చింది. మోకాలి ఎత్తు జాడీ. ఆవిడ అందులో ఎర్రరంగు పొడి పోసి వాడుకుంది తప్ప ఇంకా నీళ్లు తగలనివ్వలేదు. ఆయాసపడుతూ తెచ్చి, ముందుగదిలో బోర్లించి, "ఏంటి సంగతి?" అని కళ్లతో అడిగింది. "రేపు చెబుతా" అంది ఖంగమ్మ. అద్దకం ఆవిడ రేపటిదాకా ఆగలేని మనిషి, అయినా వెళ్లింది. జాడీ మీద దుప్పటి కప్పి, ఎదురుగా కుర్చీ వేసుకుని, ఒళ్లో కొయ్య సుత్తి పెట్టుకుని కూర్చుంది ఖంగమ్మ.

మూడూ పదికి వీధి తలుపు ధడాలున తెరుచుకుంది. మైకు తలుపులు కూడా పెద్ద గొంతుతోనే తీస్తుంది.

"వదినా! చుక్కల మందు వేసుకున్నావా? పడుకోకుండా కూర్చున్నావేంటి?"

"కూర్చో."

"ఒళ్లంతా మట్టి. కడుక్కునొస్తాను."

"పదకొండేళ్లుగా ఉన్న మట్టి, ఇంకో పది నిమిషాలు ఉంటే అరిగిపోదు. కూర్చో."

మైకు కూర్చుంది. ఎప్పటిలాగే గోడవైపు కుర్చీ కాదని, ఈ పక్క బల్ల మీద, ఎడమ భుజం వదిన వైపు తిప్పి కూర్చుంది.

"నా ముద్ర ఏదే?"

"ఏ ముద్ర?"

"గదికొక ముద్ర ఉందా ఇంట్లో, ఏ ముద్ర అని అడగడానికి?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, మైకు చెయ్యి తనకు తెలియకుండానే ఏప్రన్ జేబు మీదికి పోయింది. ఖంగమ్మ చూసింది. చూసినట్టు మైకు కూడా చూసింది.

"తియ్యి."

మైకు తీసి పెట్టింది. అరచేతిలో ఇమిడే కొయ్య ముద్ర, అంచుల్లో తడి ఆరని నీలం. నిన్నో ఇవాళో వాడినదే.

"ఇది నీకెవరిచ్చారు?"

"అన్నయ్య."

ఖంగమ్మకు ఒక్క క్షణం ఆపరేషన్ మర్నాడు తిరిగినట్టే గది తిరిగింది. మైకు తీసిందంటే సరే, పరాయి కడుపున పుట్టిన పిల్ల. ముప్పై ఏళ్లు కాపురం చేసిన మొగుడు డబ్బా తెరిచి, రుమాలు విప్పి, ముద్ర తీసి, రుమాలు మళ్లీ మడిచిపెట్టాడన్న మాట! ఆ మడత తలుచుకుంటేనే ఆవిడకు ఎక్కువ కోపం వచ్చింది.

"అన్నాచెల్లెళ్లు బాగానే పంచుకున్నారు. ఆయన ముద్ర, నువ్వు బల్ల. నాకు మంచమూ చుక్కల మందూ. మూడు బట్టీల నుంచి నా గుర్తు వేసి జాడీలు పంపుతున్నావా? తప్పొస్తే నా పేరు, ఒప్పయితే నీ పేరు. బాగుందే తెలివి! మిల్లులో గుండ్రాళ్లతో పాటు దీన్ని కూడా రుబ్బావా?"

"వదినా, అరవకు. చెవికి మంచిది కాదు."

"నా చెవి సంగతి నీకెందుకు? ఇది చూడు." సుత్తితో దుప్పటి లాగేసింది. "నా ముద్ర. పోయిన వారం గేటు దగ్గర అమ్మిన జాడీ. పగిలిన జాడీ! దీన్ని తట్టి నా గుర్తు వేసిన చెయ్యి ఎవరిదో చెప్పు."

మైకు జాడీ వైపు చూసింది.

"చెప్పవేం?"

"చెప్పను."

"చెప్పకపోతే నేనే కార్ఖానాకు పోయి సూపర్‌వైజర్ని అడుగుతాను. కాళ్లకు ఆపరేషన్ కాలేదు నాకు."

అప్పుడు మైకు లేచి వచ్చి జాడీ పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. అడుగున ముద్ర పక్కన అంటుకున్న ఎర్రరంగు పొడిని బొటనవేలి గోటితో గీకింది. పచ్చిమట్టిగా ఉన్నప్పుడే, సారె తిప్పి జాడీలు చేసేవాళ్లు గీసే బట్టీ అంకె ఒకటి ప్రతి జాడీకీ ఉంటుంది. ఏ బట్టీలో కాలిందో అది చెబుతుంది. పొడి రాలి అంకె బయటపడింది.

ముప్పై ఎనిమిది.

ఖంగమ్మ ఆపరేషన్‌కు వెళ్లింది నలభై ఒకటో బట్టీ దిగాక. ముప్పై ఎనిమిదో బట్టీ నాడు బల్ల మీద ఉన్నది ఎవరు? ఆ రోజు వాన. రేకుల మీద చినుకుల గోలకు వినబడటం లేదని సాకు చెప్పి, జాడీని చెవికి దగ్గరగా ఈడ్చుకున్నది ఎవరు? కుడి చెవి మూసుకుపోయి, ఎడమ చెవి వైపు జాడీలు తిప్పించుకుంటే నలుగురూ పసిగడతారని భయపడి, సుత్తి చేతికి తగిలే అదురునూ, పైన మెరుపునూ చూసి పాస్ చేసింది ఎవరు? ఆరు నెలలు. ఆరు నెలలు ఎవరికీ చెప్పలేదు.

జాడీ పోయిన వారం అమ్ముడైతే మాత్రం, ముద్ర పోయిన వారం పడాలనేముంది? యార్డులో రెండు నెలలు ఎండకు ఎండి, గేటు దాకా వచ్చింది అంతే. ఇంత చిన్న సంగతి తట్టనేలేదు ఆవిడకు. అనుమానం పట్టినవాళ్ల కళ్లకు వేలెడు దూరమే కనబడుతుంది.

"ఎప్పుడు తెలిసింది మీకు?" అంది. గొంతు తగ్గిపోయింది.

"నువ్వు ఆస్పత్రిలో ఉన్నప్పుడే. యార్డులో నీ ముద్ర జాడీ ఒకటి జరుపుతుంటే దానంతటదే రెండు చెక్కలైంది. అన్నయ్య చూశాడు. ఇంకెవరూ చూడకముందే పెంకులు తీసేశాడు." మైకు తన లెక్కన మెల్లగానే చెప్పింది, పక్కింటికి మాత్రమే వినబడేటట్టు. "అప్పటి నుంచి నిన్నటిదాకా షిఫ్టు దిగాక రోజూ గంటసేపు నీ జాడీలన్నీ మళ్లీ తట్టాను. పగిలినవాటి మీద ముద్ర మీద ముద్ర వేశాను. బదిలీ మనిషిని కదా, నేను పాస్ చేసేవాటికి సూపర్‌వైజర్ ముద్ర పడుతుంది, నీది కాదు."

ఆ కార్ఖానా పద్ధతి అది. ఒకరు పాస్ చేసిన జాడీని ఇంకొకరు కాదనడానికి లేదు. ఎవరి ముద్రో వాళ్ల ముద్రే దాని మీద అడ్డంగా మళ్లీ పడాలి. గీత మీద గీత, శిలువలా. అప్పుడు ఆ జాడీ చచ్చినట్టు లెక్క, పెంకుల గుట్టకు పోతుంది. అందుకే డబ్బా తెరిచారు. అందుకే రుమాలు.

"పంతొమ్మిది చంపాను వదినా. యార్డులో నీవాటిలో పగిలినవి ఇంకేం మిగల్లేదు. నువ్వు తిరిగొచ్చేసరికి అంతా తుడిచేద్దామనుకున్నాం. నీకు చెబితే ఊరుకుంటావా? తిన్నగా పోయి సూపర్‌వైజర్ ముందు నిలబడి 'తప్పు నాదే' అంటావు. బల్ల పోతుంది. అందుకే ఇంకో వారం ఆపమన్నాను. తిట్టుకో, కొట్టుకో, నీ ఇష్టం."

ఖంగమ్మ తిట్టలేదు. దొంగను పట్టుకుందామని కాపు కాసి, అద్దం ముందు నిలబడ్డట్టయింది ఆవిడ పని.

"తట్టు" అంది చివరికి, సుత్తి చాపి.

"ఎందుకిప్పుడు?"

"నా పాపం ఎలా పలుకుతుందో వింటాను. తట్టు."

మైకు జాడీని నిలబెట్టింది. కడుపు మీద ఒకటి, భుజం మీద ఒకటి తట్టింది. తలవంచి విన్నది. మళ్లీ తట్టింది. ఆమె మొహం మెల్లగా విచ్చుకుంది.

"వదినా! ఇది మంచిదే! ఖంగుమంటోంది! దీంట్లో నీ తప్పేం లేదు, అనవసరంగా ఏడిపించావు నన్ను!"

ఖంగమ్మ ఎడమ చెవి చెక్కుచెదరని చెవి. ఆ చెవితో విన్నది. జాడీ ఖంగుమనలేదు. గొంతులో పుల్ల అడ్డం పడ్డట్టు, చివర సన్నగా జిర్రుమంది.

"మళ్లీ తట్టు."

ఖంగ్... జిర్ర్.

"వినబడిందా? చివర్న?"

"చివర్నేముంది? మంచి గంటలా ఉంటేనూ!"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఒకే జాడీ, ఒకే దెబ్బ, రెండు తీర్పులు. ఇద్దరిలో ఒకరి చెవి అబద్ధమాడుతోంది. ఎవరిది? చెవిలో దూది పెట్టుకుని కూర్చున్న తనదా? లేక...

ఖంగమ్మకు బల్ల నేర్పిన ముసలామె ఒక మాట అనేది. చెవి అబద్ధమాడొచ్చు, కన్ను ఆడొచ్చు, నీళ్లు ఆడవు.

"పొయ్యి కింది బూడిద పట్రా. పొడిది. ఒక బిందె నీళ్లు కూడా."

మైకు బూడిద తెచ్చి నేలమీద పరిచింది. దాని మీద జాడీ నిలబెట్టి నీళ్లు పోసింది. ఎత్తేదీ వంచేదీ అంతా ఆమే. ఖంగమ్మ కుర్చీలో నిటారుగా కూర్చుని మహారాణిలా హుకుం మాత్రం జారీ చేసింది. నీళ్లు కిందికి రాకపోతే తన చెవులు రెండూ పోయినట్టే, బల్ల పోయినట్టే. నీళ్లు వస్తే? ఆ వస్తే అన్నది ఇంకా పెద్దది. దాని దాకా పోవడానికి మనసు ఒప్పుకోలేదు.

ఐదు నిమిషాలు. బూడిద పొడిగానే ఉంది.

"చెప్పానా?" అంది మైకు.

పది నిమిషాలు. గాలికి బూడిద లేచి ఖంగమ్మ ముక్కులోకి పోయింది. తుమ్ము! చీదకూడదు, ఆపకూడదు. నోరు గుహలా తెరిచింది. "హా... హా..." ముక్కు పట్టుకోవద్దని మైకు అరుస్తోంది. అరుపు అవసరం లేకుండానే తుమ్ము నోట్లోంచి ఫిరంగిలా పేలింది. కుడి చెవిలో టప్‌మంది. బుడగ పగిలినట్టు. తర్వాత వెచ్చగా, తేలిగ్గా, ఎవరో తలుపు సందు తెరిచినట్టు ఉంది. ఖంగమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టి చూసుకుంది. దూది మీద రక్తం లేదు. హమ్మయ్య అనుకుంది.

"వదినా" అంది మైకు. ఈసారి నిజంగానే చిన్న గొంతు.

జాడీ అడుగు అంచు దగ్గర బూడిద నల్లబడింది. శనగగింజంత. చూస్తుండగానే రూపాయి బిళ్లంత.

తడి తన పని తాను చేసుకుపోయింది.

"ఎప్పటి నుంచే?" అంది ఖంగమ్మ.

"ఏది?"

"నాటకాలొద్దు. ఆ నాటకం ఆరు నెలలు నేనూ ఆడాను. ఎడమ పక్కే నా వైపు తిప్పి కూర్చుంటావెందుకు? టీవీ పక్కింటివాళ్ల కోసం కూడా పెడతావెందుకు? ఇల్లంతా మైకు మైకని నవ్వుకున్నాం గానీ, ఎందుకు అరుస్తుందో ఒక్కళ్లమైనా అడగలేదే! మిల్లు నీ చెవులు తినేసింది కదూ?"

మైకు నేలమీదే కూలబడింది. "లావు శబ్దాలు వినబడతాయి వదినా. మనుషుల మాటలు మూతి చూసి పోల్చుకుంటాను. సన్నవే... పిట్టలూ, కుక్కర్ విజిల్ లాంటివే... రెండేళ్లుగా లేవు. జాడీ అంటే లావుగానే మోగుతుందనుకున్నాను. సరిపోతుందనుకున్నాను. నాకు మళ్లీ ఆ మిల్లులోకి పోవాలని లేదు. అన్నయ్యకు చెప్పకు."

అన్నయ్య. ఆ మాటతో ఖంగమ్మ వెన్ను నిటారైంది.

"ఇవాళ్టి లోడులో ఏ బట్టీలున్నాయి?"

"ముప్పై తొమ్మిది నుంచి నలభై నాలుగు దాకా. నీవీ నావీ కలిపి."

"నావాటిని నువ్వు మళ్లీ తట్టినవి. నీవి నువ్వే తట్టినవి." ఖంగమ్మ ఒక్కొక్క మాటా బూడిద మీద పెట్టినట్టు పెట్టింది. "అంటే ఆ లారీలో ఒక్క జాడీని కూడా చెవి ఉన్న మనిషి తట్టలేదు. వాటిని మీ అన్నయ్య ముందు నిలబెట్టి యాసిడ్ నింపుతారు."

మైకు ఫోను అందుకోబోయింది. అంతలోనే చెయ్యి వెనక్కి తీసుకుంది. ఎవరికి చెయ్యాలి? చెయ్యవలసిన మనిషి ఫోను ఇదే.

"నేను పరుగెత్తి ఆపుతాను వదినా!"

"నువ్వు చెబితే గేటువాడు ఆపడు. లోడు ఆపాలంటే ముద్ర ఉన్నవాళ్లు పోయి, ముద్ర ఎదురుగా పెట్టి, ఎందుకు ఆపమంటున్నారో నలుగురిలో చెప్పాలి. నీ గొంతు పది వీధులకు వినబడుతుందే గానీ, ఆ మాట చెప్పడానికి నీకు నోరు రాదు."

"నువ్వు చెబితే మనిద్దరి బల్లా పోతుంది!"

ఖంగమ్మ జవాబు చెప్పబోయి ఆగింది. ఎక్కడి నుంచో బొంయ్‌మని ఒక శబ్దం. కార్ఖానా లారీ మూడు హారన్లు కొడుతుంది. తాళ్లు బిగించాక ఒకటి, గేటు తెరవమని ఒకటి, రోడ్డెక్కాక ఒకటి. ఇది మొదటిది. చిత్రమేమిటంటే అది ఎడమ చెవిలోంచి రాలేదు. కుడి చెవిలోంచి వచ్చింది. దూదిని దాటుకుని, కొత్త పొరను తట్టి, సన్నగా, స్పష్టంగా వచ్చింది. ఆరు నెలల తర్వాత ఆ చెవి ఆవిడకు తెచ్చిచ్చిన మొదటి కబురు అదే.

ముద్ర తీసి పిడికిట బిగించింది. రుమాలు చెవి మీదుగా తలకు కట్టుకుంది. డాక్టరమ్మ వద్దన్నవాటిలో పరుగు ఎన్నోదో గుర్తు తెచ్చుకునే తీరిక లేదు. చెప్పులు వేసుకునే తీరిక అంతకన్నా లేదు. గుమ్మం దాటింది. వెనక మైకు "వదినా, చెవి! చెవి జాగ్రత్త!" అని వీధి వీధంతా దద్దరిల్లేలా అరుస్తోంది. అద్దకం ఆవిడ పరుగున తన ఇంటి గేటు దగ్గరికి వచ్చి నిలబడింది.

వీధి మలుపు తిరిగేసరికి కాళ్ల కింద నేల కొద్దిగా పక్కకు ఒరిగింది. ఖంగమ్మ గోడ పట్టుకుని, కళ్లు మూసుకుని, తెరిచి, మళ్లీ పరుగెత్తింది. ఇంకో వీధి ఉంది.

రెండో హారన్ మోగింది.